తలుపు మీద ఇంటిపేరు

2024 దీపావళి అయిన వారానికి మేం ముగ్గురం తెనాలి నుంచి స్వీడన్ రాజధాని స్టాక్‌హోమ్ వచ్చేశాం. మా ఆయనకి అక్కడి కిస్తా అనే ప్రాంతంలో ఉద్యోగం వచ్చింది. పాపకి అప్పుడు నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. నేను తెనాలిలో ఒక స్కూల్లో ఎనిమిదేళ్ళు లెక్కలు చెప్పాను. రాజీనామా ఇచ్చి బయల్దేరాను.

ఇప్పుడు ఇటు రావాలనుకునేవాళ్ళు నాకు ఫోన్ చేస్తే ముందు చలి గురించే అడుగుతారు. చలికి మంచి కోటు, మంచి బూట్లు ఉంటే చాలు, ఇంట్లో ఎటూ వెచ్చగానే ఉంటుంది. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వేరే. వచ్చిన మొదటి రెండు నెలలు పైగా మేం ఈ దేశం లెక్కల్లో లేం. అందులో మా పొరపాటు కూడా ఉంది. ఇంకొకరికి అలా జరగకూడదనే ఇదంతా వివరంగా రాస్తున్నాను.

స్టాక్‌హోమ్‌లో అద్దె ఇల్లు నేరుగా దొరకడం చాలా కష్టం. నగరం తరఫున ఒక క్యూ నడుస్తుంది, అందులో పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడాలి. అందుకని కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది 'అండ్రా హాండ్' ఇళ్ళలో దిగుతారు. అంటే రెండో చేతి అద్దె. ఇల్లు ఎవరిదో, వాళ్ళు కొన్ని నెలలకో ఏడాదికో మనకి ఇస్తారు. మాకు అకల్లాలో రెండు గదుల ఇల్లు దొరికింది. అకల్లా మెట్రో బ్లూ లైన్‌కి చివరి స్టేషన్, కిస్తా అక్కడి నుంచి రెండో స్టేషనే. ఇంటాయన తాళాలు ఇచ్చి, స్టవ్ చూపించి, కింద బట్టలు ఉతుక్కునే గది, చెత్త వేసే గది చూపించి వెళ్ళిపోయాడు. తలుపు మీద ఆయన పేరు అలాగే ఉంది. మాకది పట్టనే లేదు.

ఆ సాయంత్రం పాలు పొంగించాను. కరెంటు స్టవ్ కాబట్టి ప్లేటు వేడెక్కడానికే చాలాసేపు పట్టింది. కార్తీక మాసం కదా అని కిటికీ దగ్గర చిన్న దీపం పెట్టాను. అప్పటికి టైమ్ అయిదు కూడా కాలేదు, బయట చీకటి పడిపోయింది. పాప కిటికీలోంచి చూసి, "అమ్మా, రాత్రయిపోయిందా? అన్నం తినేసి పడుకోవాలా?" అని అడిగింది. ఇంకా కాదమ్మా, సాయంత్రమే అన్నాను. దానికి నమ్మకం కలగలేదు. ఆ వారమంతా అయిదింటికే నిద్రపోయి తెల్లవారుజామున మూడింటికి లేచి కూర్చునేది. తెల్లవారుజాము అని నేను అలవాటుగా రాస్తున్నాను గానీ, అక్కడ తెల్లవారడానికి ఇంకా నాలుగు గంటలు పైనే ఉంది.

మర్నాడు పప్పులో తాలింపు వేస్తే సీలింగ్ మీది పొగ అలారం మోగింది. ఎండుమిర్చి వేగే వాసన మా ఇంటి నుంచి మెట్ల మీదికంతా వెళ్ళిపోయిందేమోనని కంగారుపడి తలుపు తీసి చూశాను. ఎవరూ రాలేదు. అప్పటి నుంచి తాలింపు పెట్టే ముందు కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ ఫుల్ స్పీడులో పెట్టి, చిన్న గిన్నెలో మూత పెట్టి వేయించడం అలవాటు చేసుకున్నాను.

ఇక అసలు సంగతి, నంబరు.

ఈ దేశంలో ప్రతి మనిషికీ 'పర్సూన్‌నుమ్మర్' అని ఒక నంబరు ఉంటుంది. 1947 నుంచీ ఉన్న పద్ధతి. మన ఆధార్ లాంటిదే అనుకుని వచ్చాం, కానీ దీని అవసరం ఆధార్ కంటే చాలా ఎక్కువ. బ్యాంకు ఖాతా, ఫోన్ కనెక్షన్, జిమ్, మందుల షాపు, ఇన్సూరెన్స్, ఎక్కడికెళ్ళినా ముందు అడిగేది పేరు కాదు, నంబరే. దీన్ని ఇచ్చేది పన్నుల శాఖ, 'స్కత్తెవర్కెట్'. జనాభా రిజిస్టరు కూడా వాళ్ళ చేతుల్లోనే ఉంటుంది. కనీసం ఏడాది ఉండబోతున్నామని చూపిస్తే రిజిస్టర్ చేసుకుంటారు.

వచ్చిన రెండో వారంలో ముగ్గురం సర్వీస్ సెంటర్‌కి వెళ్ళాం. పాపని ఇంట్లో వదిలేసి వెళ్ళడానికి లేదు, మనిషిని చూడాలి. పాస్‌పోర్టులు, రెసిడెన్స్ పర్మిట్ కార్డులు, మా పెళ్ళి సర్టిఫికెట్, పాప పుట్టిన సర్టిఫికెట్ ఒరిజినల్స్ అన్నీ ఫైలులో పెట్టుకున్నాను. గుమ్మం దగ్గర మిషన్ నొక్కితే టోకెన్ వచ్చింది. ఒక్కరూ ముందుకి తోసుకురారు, తెర మీద నంబరు వచ్చేదాకా కదలరు. మా వంతు వచ్చాక కౌంటర్ దగ్గరున్న అమ్మాయి చాలా ఓపికగా అన్నీ చూసింది. నంబరు పోస్టులో వస్తుంది, కొన్ని వారాలు పడుతుంది అని చెప్పింది.

ఆ దరఖాస్తులో 'కేరాఫ్' అని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాం. మన దగ్గర కేరాఫ్ అంటే సొంత అడ్రస్ లేనివాళ్ళు ఇంకొకరి పేరు రాసుకోవడం. మేం నెలనెలా అద్దె కడుతున్నాం, తాళాలు మా చేతిలో ఉన్నాయి, ఇక కేరాఫ్ ఎందుకు అనుకున్నాం. మా పొరపాటు అక్కడే జరిగింది.

నవంబరు అయిపోయింది, డిసెంబరు సగం గడిచింది. ఉత్తరం రాలేదు. ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పాలి. హైదరాబాద్‌లో మార్పించి తెచ్చిన క్రోనర్ నోట్లు నా పర్సులో ఉన్నాయి. ఒక మధ్యాహ్నం పాప ఆకలి అంటే బేకరీకి తీసుకెళ్ళాను. దాల్చినచెక్క బన్ను ఒకటి అడిగి నోటు ఇచ్చాను. ఆ అబ్బాయి తల అడ్డంగా ఊపి గాజు తలుపు మీది చిన్న కాగితం చూపించాడు. ఇక్కడ నగదు తీసుకోరు. మా ఆయన ఫారెక్స్ కార్డు ఆయన దగ్గరే ఉంది. పాప చేయి పట్టుకుని బయటికి వచ్చేశాను. డబ్బుండి కూడా పిల్లకి బన్ను కొనిపెట్టలేకపోవడం నాకు చాలా బాధ కలిగించింది.

తెనాలిలో కొబ్బరిబోండాల బండి దగ్గర కూడా ఫోన్‌పే వాడినవాళ్ళం, ఫోన్‌తో డబ్బు కట్టడం మాకు కొత్తేం కాదు. ఇక్కడ దానికి 'స్విష్' అనే యాప్ ఉంది. కానీ స్విష్ కావాలంటే బ్యాంక్ఐడీ, అంటే మనమెవరో ఆన్‌లైన్‌లో నిరూపించే గుర్తింపు, ఉండాలి, బ్యాంక్ఐడీకి బ్యాంకు ఖాతా ఉండాలి, వీటన్నిటికీ ముందు నంబరు ఉండాలి. ఒకదానికొకటి గొలుసులా ఉంటుంది. మొదటి కొక్కెం చేతికి రాకపోతే ఏదీ కదలదు.

ఆ రోజుల్లో నన్ను నంబరు లేకుండానే లోపలికి రానిచ్చిన చోటు కిస్తా లైబ్రరీ. పెద్ద షాపింగ్ మాల్ లోపల ఉంటుంది. 2015లో ప్రపంచంలోని ఉత్తమ పబ్లిక్ లైబ్రరీగా అవార్డు వచ్చిందట, అది తర్వాత తెలిసింది. పాస్‌పోర్ట్ చూసి కార్డు ఇచ్చారు. స్వీడన్‌లో నా పేరుతో వచ్చిన మొదటి కార్డు అదే. రోజూ పాపని తీసుకుని అక్కడికే వెళ్ళేదాన్ని. అది బొమ్మల పుస్తకాలు చూసేది, నేను స్వీడిష్ అక్షరాలు చూసేదాన్ని.

పాపకి ఒకసారి జ్వరం వస్తే 1177కి ఫోన్ చేశాను. ఈ నంబరుకి ఫోన్ చేస్తే నర్సు మాట్లాడుతుంది, ఇంగ్లిష్‌లో కూడా మాట్లాడతారు. పర్సూన్‌నుమ్మర్ ఇంకా రాలేదంటే ఆమె ఏమీ అనలేదు. ఎన్ని డిగ్రీలుంది, నీళ్ళు తాగుతోందా, ఆడుకుంటోందా అని వరసగా అడిగి ఏం చెయ్యాలో చెప్పింది. మన దగ్గరైతే ఈపాటికి డాక్టరు దగ్గర యాంటీబయాటిక్ రాయించుకుని వచ్చేసేవాళ్ళం. ఇక్కడ రెండు మూడు రోజులు చూడమంటారు. మొదట్లో టెన్షన్ పడ్డాను. పాప మూడో రోజుకి లేచి ఆడుకుంది.

చీకటి గురించి భయపెట్టి పంపించారు అందరూ. డిసెంబరు మధ్యకి వచ్చేసరికి పొద్దున ఎనిమిదిన్నర దాటాక సూర్యుడు వచ్చి, మధ్యాహ్నం మూడవకముందే వెళ్ళిపోతాడు. అది నిజమే. కానీ ఒక్క విషయం ఎవరూ చెప్పలేదు. కార్తీకం చివరి రోజు, డిసెంబరు 1 ఆదివారం, నేను కిటికీలో దీపం పెట్టి బయటికి చూస్తే ఎదురు బిల్డింగులో ప్రతి కిటికీలోనూ దీపాలు. త్రిభుజంలా నిలబెట్టిన ఏడు దీపాల స్టాండు కొందరికి, కాగితపు నక్షత్రం లోపల బల్బు కొందరికి. క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాలు వాళ్ళకి ముఖ్యం, అందులో మొదటిది ఆ రోజు. నాకు ఆ లెక్క తెలియదు. మా కార్తీకం చూసి ఊరంతా దీపాలు పెట్టినట్టే అనిపించింది. అమ్మకి వీడియో కాల్‌లో చూపించాను. అమ్మ రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టుకుంది.

మా పక్కింట్లో ఒక పెద్దావిడ ఒక్కరే ఉంటారు. మెట్ల మీద కనబడితే 'హేయ్' అనడమే తప్ప మాటలు లేవు. డిసెంబరు 13న, లూసియా పండగ రోజు, కుంకుమపువ్వు వేసిన పచ్చటి బన్నులు రెండు కాగితంలో పెట్టి పాపకి ఇచ్చారు. నేను మర్నాడు పులిహోర పట్టుకెళ్ళి ఇచ్చాను. అంతవరకే.

జనవరి మొదటి వారంలో ఆవిడ మా బెల్ కొట్టారు. తలుపు తీస్తే నా వైపు చూడకుండా తలుపు వైపే చూస్తున్నారు. ఉత్తరాలు పడే సన్నటి ఇత్తడి రేకు, దాని పైన ఇంటాయన పేరు. ఆ పేరు మీద వేలు పెట్టి, "పోస్ట్?" అన్నారు. వేలు అడ్డంగా ఊపారు. తర్వాత నన్ను చూపించి, "నమ్న్?" అన్నారు. స్వీడిష్‌లో నమ్న్ అంటే పేరు. నేను లైబ్రరీలో నేర్చుకున్న నాలుగు మాటల్లో అదొకటి. అప్పటికి అర్థమైంది. ఇక్కడ పోస్ట్‌మ్యాన్ కవరు మీది పేరూ తలుపు మీది పేరూ కలిస్తేనే లోపల వేస్తాడు. కలవకపోతే ఉత్తరం వెనక్కి వెళ్ళిపోతుంది.

ఆవిడ లోపలికెళ్ళి టేపు, కత్తెర తెచ్చారు. నేను పాప డ్రాయింగ్ పుస్తకంలోంచి తెల్ల కాగితం చింపాను. మా ఇంట్లో రెండు ఇంటిపేర్లు. పెళ్ళయినా నా పాస్‌పోర్ట్‌లో మా నాన్నగారి ఇంటిపేరే ఉంది, పాపకి వాళ్ళ నాన్నది. రెండూ రాస్తే కాగితం చాలలేదు. చింపి ఇంకొకటి తీసుకుని చిన్న అక్షరాలతో రాశాను. ఆవిడ ఒక్కొక్క అక్షరం మీద వేలు కదుపుతూ రెండు పేర్లూ పైకి చదివారు. తప్పుగా పలికిన చోట నేను చెబితే మళ్ళీ పలికారు. సరిగ్గా వచ్చేదాకా వదల్లేదు. ఆ తర్వాత తనే కాగితాన్ని సమంగా పట్టుకుని నన్ను టేపు అంటించమన్నారు. అప్పుడే ఆవిడ తలుపు కేసి చూశాను. ఇత్తడి పలక మీద రెండు పేర్లున్నాయి. వాళ్ళాయన పోయి ఆరేళ్ళయిందని నాకు తర్వాత చెప్పారు. ఆ పేరు తీయలేదు.

సాయంత్రం అమ్మకి చెబితే, "ఇంటి మీద ఇంటిపేరు లేకపోతే ఎలాగే?" అంది. మామూలుగా వాడే మాటే, నేను అన్నేళ్ళూ ఆ మాటని విడదీసి చూడలేదు. తెనాలిలో మా పోస్ట్‌మ్యాన్ నాన్నగారి పేరుంటే చాలు, అడ్రస్ తప్పుగా ఉన్నా తెచ్చిచ్చేవాడు. అక్కడ అందరికీ తెలిసిన మనుషులం కాబట్టి తలుపు మీద రాసుకునే అవసరం రాలేదు.

మర్నాడు మా ఆయన పన్నుల శాఖకి ఫోన్ చేసి అడిగితే, ఉత్తరాలు డిసెంబరులోనే పంపాం, తిరిగి వచ్చేశాయి అన్నారు. కేరాఫ్ దగ్గర ఇంటాయన పేరు చేర్చారు. సంక్రాంతి వెళ్ళిన మర్నాడు పొద్దున తలుపు దగ్గర చప్పుడైంది. నేల మీద మూడు కవర్లు. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి. పాప తన కవరు తనే చింపుతానంది. దాని పేరు మీద వచ్చిన మొదటి ఉత్తరం అది.

పర్సూన్‌నుమ్మర్‌లో ముందు పుట్టిన సంవత్సరం, నెల, తేదీ ఉంటాయి, తర్వాత నాలుగు అంకెలు. ఆ నాలుగింటిలో మూడోది ఆడవాళ్ళకి సరిసంఖ్య, మగవాళ్ళకి బేసిసంఖ్య. చివరి అంకె తనిఖీ కోసం. సంవత్సరం నుంచి చివరి రెండంకెలే తీసుకుని, మొదటి తొమ్మిది అంకెల్నీ వరసగా 2, 1, 2, 1 అని గుణించాలి. రెండంకెలు వస్తే ఆ రెండూ కూడాలి. మొత్తం తర్వాతి పదికి ఎంత తక్కువో అదే చివరి అంకె. ఆ రోజు డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని మా ముగ్గురి నంబర్లూ కాగితం మీద చేసి చూశాను. మూడూ సరిపోయాయి. ఉద్యోగం మానేశాక నేను పెన్ను పట్టి లెక్క చేసింది అదే మొదటిసారి. చాలా సంతోషం వేసింది.

తర్వాత అన్నీ వాటంతట అవే కదిలాయి. ఐడీ కార్డు, దాంతో ఖాతా, ఖాతాతో బ్యాంక్ఐడీ, ఆఖరికి స్విష్. పాపకి నెలకి 1250 క్రోనర్ల పిల్లల భత్యం కూడా దరఖాస్తు పెట్టాం. నేను స్విష్‌లో కట్టిన మొదటి డబ్బు ఒక పాత సామాన్ల సంతలో, పాప మంచు బూట్లకి. 60 క్రోనర్లు. పిల్లల బట్టలు ఇక్కడ కొత్తవే కొనక్కర్లేదు, చాలామంది ఇలాంటి చోటే కొంటారు, ఎవరూ చిన్నచూపు చూడరు.

స్వీడిష్ క్లాసులు ప్రభుత్వం ఉచితంగా చెబుతుంది. ఫిబ్రవరిలో చేరాను. మొదటి రోజు టీచర్ తన పేరు బోర్డు మీద రాసి, పేరు పెట్టే పిలవమన్నారు. నన్ను ఎనిమిదేళ్ళు పిల్లలు 'మేడమ్' అన్నారు. మా మేష్టార్లని నేను ఇప్పటికీ గారు లేకుండా తలుచుకోను. ఒకప్పుడు ఇక్కడా హోదాలతో పిలుచుకునేవారట. 1967లో బ్రూర్ రెక్సెద్ అనే ఆయన ఆరోగ్య శాఖలో పెద్ద పదవిలోకి వచ్చినప్పుడు, తన సిబ్బంది అందరినీ 'దూ' అని పిలుస్తానని చెప్పాడు. దూ అంటే నువ్వు. ఆ తర్వాత దేశమంతా అదే పాటించింది. టీచర్ విషయంలో రెండు వారాల్లో అలవాటు పడ్డాను. పక్కింటి పెద్దావిడ విషయంలో మాత్రం ఇప్పటికీ నోరు రాదు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. పేరు పిలవాల్సిన అవసరం రాకుండా, ముందు ఆవిడకి కనిపించేలా నిలబడి అప్పుడు మాట్లాడతాను.

పాపకి మార్చిలో ఫోర్‌స్కూలాలో, అంటే ఇక్కడి ప్రీస్కూల్లో, సీటు వచ్చింది. అడిగిన నాలుగు నెలల్లోపు సీటు చూపించాలని నియమం ఉంది, ఫీజు కూడా సంపాదనని బట్టే, దానికీ ఒక పరిమితి ఉంటుంది. మొదటి రోజుల్లో తల్లో తండ్రో పిల్లతోపాటే అక్కడ ఉండాలి. వాన పడినా మంచు పడినా పిల్లల్ని బయట ఆడిస్తారు. ప్రతి పిల్లకీ ఒక కొక్కెం, దాని మీద పేరు, కింద బురదకి తడవని ప్యాంటు, చేతి తొడుగులు రెండు జతలు. మూడో రోజు టీచర్ నన్ను పక్కకి పిలిచి కాగితం, పెన్ను ఇచ్చింది. పాపకి అవసరమయ్యే తెలుగు మాటలు చెప్పమంది. నీళ్ళు, ఆకలి, నొప్పి, చలేస్తోంది, బాత్రూమ్. తను స్వీడిష్ అక్షరాల్లో రాసుకుంది. ఇంకేమైనా ఉందా అని అడిగితే కాసేపు ఆలోచించి, "అమ్మ వస్తుంది" అని చెప్పాను. ఆ మాట మూడుసార్లు పలికించుకుంది. తర్వాతి వారం పాపని వదిలేసి గేటు దాటుతుంటే వెనక ఏడుపు వినబడింది. ఆ వెంటనే టీచర్ గొంతు, "అమ్మ వస్తుందీ, అమ్మ వస్తుందీ." ఆ యాస ఎలా ఉంటే ఏం, నా కాళ్ళు అప్పుడు ముందుకి కదిలాయి.

ఆ కాగితం ఇప్పటికీ వాళ్ళ గోడ మీద ఉంది. రేపు పెద్ద స్కూల్‌కి వెళ్ళాక, అయిదుగురు పిల్లలు అడిగి, చెప్పే మనిషి దొరికితే మునిసిపాలిటీ తెలుగు కూడా చెప్పించాలట. ఇక్కడికి వచ్చే తెలుగువాళ్ళు ఆ ఫారం తప్పకుండా నింపండి. ఒక్కొక్కరం మనకెందుకులే అనుకుంటే అయిదుగురు కారు.

ఏప్రిల్లో, చలికాలమంతా ఫుట్‌పాత్‌ల మీద జారకుండా పోసిన కంకర ఊడ్చేశారు. మే నెలాఖరుకి మా ఇంటి ఒప్పందం అయిపోయింది. మళ్ళీ రెండో చేతి ఇల్లే, రెండు స్టేషన్ల అవతల. పెద్దావిడకి చెప్పడానికి వెళితే టేపు ఇంట్లో ఉందా అని అడిగారు. ఉందన్నాను. అయినా తన టేపు తెచ్చి నా చేతిలో పెట్టారు.

కొత్త ఇంటికి చేరగానే మా ఆయన స్టవ్ మీద పాలు పెట్టారు. నేను సూట్‌కేసులు తెరవకముందే తలుపు దగ్గర కూర్చున్నాను. ఈసారి కాగితం ముందే కొలిచి కత్తిరించి తెచ్చాను. పైన ఇంటాయన పేరు, కింద మా రెండు ఇంటిపేర్లూ. పాప పక్కనే నిలబడి తన పేరు కూడా రాయమంది. ఇంటిపేరు ఉంటే చాలమ్మా, నీ ఉత్తరాలు కూడా వస్తాయి అన్నాను. ఒప్పుకోలేదు. కింద కాస్త చోటుంటే అక్కడ దాని పేరు తెలుగులో రాశాను. తను వేలు పెట్టి అక్షరాలు చదువుకుంటూ ఉంటే లోపల్నుంచి మా ఆయన, "పాలు పొంగుతున్నాయి, రండి" అని పిలిచారు.